ఇంటి పనిలో ఇద్దరి వంతు

(స్త్రీల సహవాస కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



"ఉద్యోగము చేసే స్త్రీలు కుటుంబ బాధ్యతలను ఎట్లు సరిచూసుకొనవలెను" అనే విషయము మీద మాట్లాడమని మమ్మును కోరినారు. విషయము మంచిదే. అయితే దీనిని గురించి మాలో మేము మాట్లాడుకొనునప్పుడు ఒక మాట వచ్చినది. ఉద్యోగము చేసే పురుషులు కుటుంబ బాధ్యతలను ఎట్లు సరిచూసుకొనవలెనని ఏ పురుషుల కూడికలోనైనను ప్రసంగము పెట్టినారా? మేము వినలేదు. ప్రశ్న స్త్రీని ఒక్కదానినే అడిగితే జవాబు కూడ ఆమె ఒక్కతే వెదకవలెను. ఆమెకు దొరికే జవాబు మనందరికి తెలిసినదే: మరి కొంచెము ముందు లేచుట, మరి కొంచెము ఆలస్యముగా పండుకొనుట. అందుచేత ఈ విషయమును భార్యాభర్తలిద్దరి ముందు పెట్టుటకు మీ సెలవు కోరుతున్నాము. నేడు పురుషులు కూడ ఈ కూడికకు వచ్చినారు గనుక ఇది తగిన సమయమని తలుస్తున్నాము.

మేమనగా ఎవరమో మొదట చెప్పవలెను. మాలో బడిపంతులమ్మలు ఉన్నారు, ఆసుపత్రులలో పనిచేసే నర్సులు ఉన్నారు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఆఫీసులలో పనిచేసేవారు ఉన్నారు. బీడీలు చేసే అక్కలు, సిరిసిల్లలో కండెలు చుట్టే చెల్లెండ్రు, పొలములో నాట్లు వేసి కలుపు తీసే తల్లులు కూడ మాలోని వారే. నెల జీతము అందుకొనే ఆమెనే లోకము ఉద్యోగస్తురాలని పిలుస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తెచ్చే ఆమె కూడ ఉద్యోగస్తురాలేనని మా అభిప్రాయము. 2016 అక్టోబరులో మన పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైనది. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడినవి. బయట ఇన్ని హద్దులు మారినను, ఇంటి లోపల వంటగదికి, వరండాకు నడుమ ఉన్న హద్దు మాత్రము అంతగా మారలేదు.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో బీడీ పని ఎన్నో ఇండ్లకు ఆధారము. ఈ పని ఎరుగనివారు దీనిని ఇంట్లో కూర్చొని చేసే తీరిక పని అనుకొంటారు. తునికాకు తడిపి, మెత్తబడిన తరువాత కొలత ప్రకారము కత్తిరించి, తంబాకు నింపి చుట్టి, దారము కట్టి, మొన మూయవలెను. వెయ్యి బీడీలు కావలెనంటే ఒక మనిషికి పొద్దంతా పట్టును. కార్ఖానాకు తీసుకొనిపోయిన తరువాత బాగులేవని కొన్ని ప్రక్కకు తీసివేస్తే ఆ నష్టము కూడ ఆమెదే. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టము ఎక్కువమంది స్త్రీలు పనిచేసే కార్ఖానాలో పిల్లల కొరకు ఒక గది ఉండవలెనని చెప్పినది. గాని కార్ఖానాయే ఆమె ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడు ఆ పిల్లల గది ఎక్కడ ఉన్నది? ఆమె ఒడిలోనే ఉన్నది. ఒక మోకాలి మీద చాట, ఒక మోకాలి మీద బిడ్డ, పొయ్యి మీద అన్నము. ఇక ఉద్యోగము ఎక్కడ ముగిసినది, ఇల్లు ఎక్కడ మొదలైనది?

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేము అనము. తెలంగాణ ప్రభుత్వము 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి ఇచ్చుట మొదలుపెట్టినది. 2019లో దానిని 2,016 రూపాయలు చేసినది. చాల ఇండ్లలో ఆ పైకము ఉప్పుకు, పప్పుకు, మందులకు వచ్చినది. అయితే భృతి సంపాదనలోని లోటును కొంత తీర్చును గాని పొద్దును పొడిగించలేదు. రోజుకు ఉన్నవి ఇరువది నాలుగు గంటలే. వాటిని ఇంటిలో ఎవరు ఎట్లు పంచుకొంటున్నారన్నదే ఈనాటి మన ప్రశ్న.

ఈ ప్రశ్నకు దేశము మొత్తము మీద లెక్క కూడ ఉన్నది. భారత ప్రభుత్వపు గణాంక శాఖ వారు ప్రజలు తమ రోజును ఎట్లు వాడుకొంటున్నారో 2019లో ఒకసారి, 2024లో మరియొకసారి సర్వే చేసినారు. 2019 లెక్కలో, ఒక దినమున జీతము లేని ఇంటి పనిలో చేయి పెట్టిన స్త్రీలు నూటికి 81 మంది; పురుషులు నూటికి 26 మంది మాత్రమే. 2024 లెక్కలో, ఆ పని చేసిన స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషములు, చేసిన పురుషులు 88 నిమిషములు వెచ్చించినారు. అనగా ఆమెకు నాలుగు గంటల నలుబది తొమ్మిది నిమిషములు, ఆయనకు గంట ఇరువది ఎనిమిది నిమిషములు. ఈ 88 నిమిషములు పురుషులందరి సగటు కాదని గమనింపగోరుతున్నాము. ఇంటి పనిలో కొంతైనను చేయి పెట్టిన పురుషుల సగటు అది. చేయి పెట్టని వారిని కలిపితే ఇంకెంత తగ్గునో మీరే ఆలోచించుకొనవచ్చును.

ఇక్కడ కొందరు సహోదరులు ఒక మాట అంటారు: "వంట పని, పిల్లల పని మాకు అలవాటు లేదు. అది స్త్రీలకు పుట్టుకతో వచ్చిన నేర్పు." దీనికి జవాబు చాల దూరము పోయి వెదకనక్కరలేదు, గల్ఫ్ పోయి వచ్చిన మన ఇండ్ల వారినే అడిగితే చాలును. 1970 తరువాత మన పల్లెలనుండి ఎందరో దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ పోయినారు, నేటికిని పోతున్నారు. అక్కడ ఒక గదిలో పదిమంది మగవారే ఉంటారు. వారిలో ఎవరి తల్లియు లేదు, ఎవరి భార్యయు లేదు. అన్నము ఎవరు వండుతున్నారు? వంతు ప్రకారము వారే వండుకొంటున్నారు. ఈ రోజు నీవు, రేపు నేను. ఒకరు కూరగాయలు కోస్తే ఒకరు గిన్నెలు తోముతారు. ఎవరి వంతు వారు తప్పితే మిగిలినవారు ఊరుకొనరు. ఎడారి ఎండలో పగలంతా పనిచేసి వచ్చి కూడ ఆ వంతు నిలుపుకొంటున్నారు. ఆ మనిషే రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు చుట్టమైపోతున్నాడు. కూర్చున్న చోటికి నీళ్లు, తిన్న చోట పళ్లెము. ఆయన చేతికి వంట రాదని ఇక ఎట్లు చెప్పగలము? దుబాయి గదిలో వచ్చిన వంట మల్యాలలోనో, ఖానాపూర్‌లోనో ఎట్లు మరచిపోయినది?

మేము దీనిని ఎగతాళి కొరకు చెప్పలేదు. ఆ సహోదరుడు ఇంటివారి కొరకే అంత దూరము పోయినాడు. అప్పు తీర్చుటకు, ఆడపిల్ల పెండ్లికి, ఇల్లు కట్టుటకు తన వయస్సునే ఖర్చు పెడుతున్నాడు. ఆయన లేనప్పుడు ఇక్కడ ఆమె తల్లి, తండ్రి, వ్యవసాయదారు, బ్యాంకుకు పోయే మనిషి, అత్తమ్మను దవాఖానకు తీసుకొనిపోయే కొడుకు, అన్నియు తానే. ఆమె పెనిమిటి దూరముననే ఉన్నను వంతు పంచుకొనవచ్చును. మాలో ఒక సహోదరి ఇంట్లో, బడి పంతుళ్లతో పిల్లల చదువు మాట్లాడుట తండ్రి వంతు. ప్రతి నెల అక్కడినుండియే ఫోను చేసి కనుక్కొంటాడు. పొలానికి నీళ్లు పెట్టుటకు తన తమ్మునితో మాట్లాడి ఒప్పించుట కూడ ఆయన వంతే. డబ్బు పంపితే తండ్రి పని అయిపోయినదని ఆయన అనుకొనలేదు. ఆ ఇంట్లో ఆమె బీడీ పని తగ్గలేదు, గాని నెత్తి మీది బరువులో కొంత దిగినదని ఆమెయే మాతో చెప్పినది.

ఇక బొగ్గుబాయిల వైపు పోదాము. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల ఇండ్లలో గడియారము కంటె షిఫ్టు గొప్పది. 1952 గనుల చట్టము స్త్రీలు భూమి లోపల పనిచేయరాదని నిషేధించినది. 2019లో కొన్ని నిబంధనలతో ఆ తలుపు తెరిచినారు. భర్త బాయి పనిలో, భార్య ఆసుపత్రిలోనో బడిలోనో ఉన్న ఇండ్లు మన సంఘములలోనే ఉన్నవి. అటువంటి ఒక ఇంటిని గురించి చెప్పుతాము. ఆమె నర్సు, నెలలో కొన్ని రాత్రులు డ్యూటీ. ఆయనకు వారము మారితే షిఫ్టు మారును. మొదట రెండేండ్లు ఇద్దరి నడుమ ప్రతి వారము గొడవ. తరువాత వంటగది గోడకు ఒక పెద్ద క్యాలెండరు తగిలించి, నెల మొదటి దినముననే ఇద్దరి షిఫ్టులు దాని మీద వ్రాయుట మొదలుపెట్టినారు. ఇద్దరికి రాత్రి పని పడిన దినములకు ఎర్ర గీత పెట్టి, ఆ రాత్రులకు అవ్వను ముందుగానే పిలిపించుకొంటారు. ఆమె రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఉదయము పిల్లలకు అన్నము డబ్బా కట్టి బడికి పంపుట ఆయన వంతు. ఆమె నిద్రపోయే గది తలుపు వేసి ఉంచుట కూడ ఆయన వంతే. ఎందుకనగా ఇంటికి వచ్చిన చుట్టములు, పట్టపగలు పండుకొన్న కోడలిని చూసి మాటలనకుండ కాపాడవలసినది ఆయనే గదా. ఆయన రాత్రి షిఫ్టు చేసి వచ్చినప్పుడు ఇల్లంతా గుసగుసలతో నడుచును. ఆమె నిద్రకు కూడ అంత విలువ ఉండవలెనని ఆయన గ్రహించినాడు. ఆ ఇంట్లో జరిగిన మార్పు అంతయు ఇదే.

ఈ "వంతు" అనే మాటను మేము కావలెననియే వాడుతున్నాము. చాల ఇండ్లలో మంచి భర్తను గురించి చెప్పునప్పుడు "ఆయన సాయము చేస్తాడు" అంటారు. సాయము మంచిదే. గాని సాయము చేసేవాడు తన ఇష్టము వచ్చినప్పుడు చేయును, తీరిక లేనప్పుడు మానును. మానినందుకు అడిగే హక్కు ఎవరికిని లేదు. చేసినందుకు మాత్రము కృతజ్ఞత చెప్పవలెను. పని ఎవరిదో వారికే సాయము చేస్తారు గనుక, సాయమనే మాటలోనే ఆ పని ఆమెదని తీర్పు ఉన్నది. వంతు అట్లు కాదు. పోచంపాడు నీళ్లు కాకతీయ కాలువ గుండా వచ్చే మన పొలములలో వంతు అంటే ఏమో రైతులకు చెప్పనక్కరలేదు. మీది పొలము వారు దయ తలచి నీళ్లు విడుచుట వంతు కాదు. ఏ దినమున ఏ తూము తెరవవలెనో ముందే నిర్ణయమై ఉండుట వంతు. వంతు లేని కాలువలో ఎవరికి అన్యాయము జరుగును? కొసభూమి వానికి. ఎంత ఓర్పు గలవాడైనను, ఎంత కష్టపడినను, నీళ్లు పైననే అయిపోతే అతని పొలము ఎండవలసినదే. మన ఇండ్లలో కొసన ఉన్నది తల్లి. అందరి అక్కరలు తీరిన తరువాత మిగిలినది ఆమె నిద్ర, ఆమె భోజనము, ఆమె ఆరోగ్యము. ఎండిన కొసభూమిని చూసి "నీవు ఇంకను బాగుగా సరిచూసుకొనవలసినది" అని ఎవరైనను అంటారా?

వంతు వేసుకొనునప్పుడు మూడు సంగతులు మరువరాదని మా మనవి.

మొదటిది, చేతి పని ఒక్కటే పని కాదు; జ్ఞాపకము పెట్టుకొనుట కూడ పనియే. గ్యాసు ఎప్పుడు అయిపోవును, బిడ్డకు టీకా ఏ తేదీన, మామగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలినవి, బడి ఫీజు గడువు ఎప్పుడు, ఇవన్నియు ఒక్కరి తలలోనే ఉంటే ఆ తలకు సెలవు ఉండదు. "ఏమి తేవలెనో చెప్పు, తెస్తాను" అనే భర్త సగము వంతే తీసుకొన్నాడు. చెప్పించుకొనకుండ తెచ్చిన దినమున పూర్తి వంతు తీసుకొన్నవాడగును.

రెండవది, తండ్రి వంతు పెద్దకూతురి మీద పడరాదు. ఇది మన ప్రాంతములో చాల జాగ్రత్తగా చూడవలసిన విషయము. తల్లి బయటి పనికి పోయిన ఇంట్లో చెల్లెలిని ఎత్తుకొనుట, బియ్యము కడుగుట, బీడీ కట్టలు లెక్కపెట్టుట పన్నెండేండ్ల పిల్లకు వచ్చును. ఆమె అన్న అదే ఇంట్లో బంతి ఆడుచుండును. ఆ పిల్ల చదువు వెనుకబడిన తరువాత ఆమెకు ఉద్యోగమనే మాటయే ఉండదు. తల్లి ఉద్యోగము కూతురి చదువును మింగితే ఆ ఇల్లు ముందుకు పోయినట్లా?

మూడవది, పని అప్పగించిన తరువాత పద్ధతిని కూడ అప్పగించవలెను. ఆయన మడిచిన బట్టలు వంకరగా ఉండవచ్చును, ఆయన చేసిన చారులో చింతపండు ఎక్కువ కావచ్చును. ప్రతిదానికి పేరు పెడితే ఎవరి చేయియైనను వెనుకకు పోవును. అత్తమ్మలకు కూడ మా మనవి ఇదే. కొడుకు చీపురు పట్టుకొన్నప్పుడు ఆ చీపురు లాగుకొనవద్దు. అది కోడలి గెలుపు కాదు, కొడుకు అవమానమును కాదు.

ఇప్పుడు ప్రభుత్వ నియమములను కొంచెము చూద్దాము. వాటిలో కూడ ఇదే పాఠము ఉన్నది. 1961 నాటి ప్రసూతి చట్టము ప్రకారము ఉన్న 12 వారముల సెలవును 2017లో మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారములు చేసినారు. 2020లో చేసిన సాంఘిక భద్రతా స్మృతిలో కూడ ఆ 26 వారములే ఉన్నవి. యాబది మంది, అంతకు పైబడి పనిచేసే చోట పిల్లల గది కూడ ఉండవలెనన్నారు. ఇది తల్లికి మేలు. మరి తండ్రి మాటయేమి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 దినముల సెలవు కలదు. మన రాష్ట్రములో ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు కూడ 2005 నుండి 15 దినములు కలదు. ప్రైవేటు పనిలో ఉన్న తండ్రికి చట్టము ఒక్క దినము కూడ చెప్పలేదు. ఇరువది ఆరు వారములకు, పదిహేను దినములకు నడుమ ఉన్న దూరము చూస్తే, బిడ్డ ఎవరిదని చట్టము తలచినదో తెలియుచున్నది. ఆ పదిహేను దినములైనను బాలింత దగ్గర కూర్చొని, రాత్రి బిడ్డను ఎత్తుకొనుటకు వాడినవారు ఎందరు? ఇంటి రిపేరుకు, చుట్టముల కార్యములకు వాడినవారు ఎందరు? ఎవరికి వారే చెప్పుకొనవలెను.

బదిలీల బాధ మన పంతులమ్మలకు బాగుగా తెలియును. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో ప్రకారము ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచినప్పుడు భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో పడిన కుటుంబములు ఉన్నవి. "స్పౌజ్ కేసులు" అనే మాట ఆ దినములలో పత్రికలలో ఎంతగా వినబడినదో మీకు తెలియును. పిల్లలు ఎవరి దగ్గర ఉండవలెను? ఇటువంటప్పుడు ఎవరి ఉద్యోగము వదలవలెననే ప్రశ్న వస్తే, చర్చ లేకుండనే ఆమె వైపు చూస్తారు. ఆమె జీతము ఎక్కువైనను, ఆమె సర్వీసు పెద్దదైనను ఆమె వైపే చూస్తారు. తప్పక వదలవలసి వస్తే ఇద్దరు కూర్చొని, కాగితము మీద లెక్క వేసి, ఇద్దరి సమ్మతితో వదలవలెను. అడగకుండ తీసుకొన్న త్యాగమును త్యాగమని పిలుచుట న్యాయము కాదు.

ఉద్యోగము ఉన్నంత మాత్రాన ఆమె చేతిలో అధికారము ఉన్నదని అనుకొనరాదు. మన గ్రామ పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. సర్పంచి పేరు ఆమెది, కుర్చీలో కూర్చునేది ఆయన, అనే ఊళ్లు మనకు తెలియనివి కావు. జీతము ఆమెది, ఏటీఎం కార్డు ఆయన జేబులో, అనే ఇండ్లును తెలియనివి కావు. భాగస్వామి అనగా ప్రక్కన నిలిచేవాడు. ఆమె చోటిలో తాను కూర్చుంటే అది భాగస్వామ్యము కాదు.

మన గ్రంథములో ఇటువంటి దంపతులు ఉన్నారు. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టేవారు; ఇద్దరిది ఒకే వృత్తి. పౌలు కొరింథులో వారి ఇంట నిలిచి వారితో కూడ పనిచేసినాడు. వారి ఇంటిలో సంఘము కూడుచుండెను. వారి పేర్లు ఎప్పుడును జంటగానే వినబడును. కొన్నిచోట్ల భార్య పేరే ముందు వచ్చును. ఇక స్త్రీల ఆదివారమున సామెతల గ్రంథము చివరి అధ్యాయములోని గుణవతియైన భార్యను గురించి వినని వారము కాము. ఆమె తెల్లవారకముందే లేచుట, నూలు వడుకుట, పొలము కొనుట అన్నియు మాకు చదివి వినిపిస్తారు. అదే అధ్యాయములో ఆమెకు పనికత్తెలు ఉన్నారని, ఆమె భర్త ఆమెను నమ్మినాడని, ఆమెను మెచ్చుకొన్నాడని కూడ ఉన్నది. ఆ భాగమును పురుషుల కూడికలో చదివితే బాగుండునని మా కోరిక.

దగ్గరి చరిత్రలోను ఒక ఉదాహరణ ఉన్నది. మన ప్రక్క నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని గురించి మీలో చాలమంది ఎరుగుదురు. స్కాట్లండు దేశస్థురాలైన డాక్టరు ఇసబెల్ కెర్ 1907లో తన భర్త జార్జి కెర్‌తో హైదరాబాదు రాజ్యమునకు వచ్చినది. నర్సాగౌడ్ గారి విరాళముతో 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆసుపత్రి నిలిచినది. వైద్యము ఆమె వృత్తి. ఆయన బోధకుడు, అంతకుముందు వడ్రంగము నేర్చినవాడు. వైద్యురాలి భర్తగా పేరుపడుట ఆయనకు చిన్నతనముగా తోచలేదు. ఆమె వైద్యము సాగుటకు కావలసిన పనికి ఆయన చేయి పెట్టినాడు. 1932లో ఆమె కన్నుమూసిన తరువాత కూడ ఆయన ఆ పనిని విడువలేదు. భార్య పని గొప్పదైతే దానికి భుజమిచ్చుట భర్తకు తక్కువ కాదని చూపుటకు ఈ ఒక్క ఉదాహరణ చాలును.

"మా తల్లులు ఇవన్నియు చేయలేదా? వారు ఎప్పుడైనను వంతు అడిగినారా?" అని పెద్దలు కొందరు అడుగుదురు. చేసినారు. మోకాలి లోతు బురదలో నాట్లు వేసి వచ్చి, చీకటిలో పొయ్యి ఊదినారు. దాని వెల ఎవరు చెల్లించినారు? నలుబది ఏండ్లకే వంగిన నడుములు, పొగకు పోయిన కండ్లు చెల్లించినవి. వారు అడుగలేదు గనుక వారికి అక్కర లేకపోయెనని ఎట్లు చెప్పగలము? పురుషులకు బరువు లేదని కూడ మేము అనము. బాయి లోతు, ఎడారి ఎండ, అప్పులవాని నోరు మేము ఎరుగుదుము. ఆ బరువు ఇద్దరు కలిసి మోయవలసినదే. అందుకే గదా ఆమె కూడ సంపాదనకు బయలుదేరినది. సంపాదన బరువులో ఆమె వంతు తీసుకొన్నది; ఇంటి బరువులో ఆయన వంతు ఇంకను మిగిలి ఉన్నది.

చివరగా సంఘము ముందు మా మనవులు నాలుగు ఉంచుతున్నాము.

ఒకటి: పెండ్లి ప్రకటనలు చదువుటకు ముందు అయ్యగారు వధూవరులిద్దరిని కూర్చుండబెట్టి, ఇద్దరు పనిచేస్తే ఇంటి పని ఎట్లు పంచుకొందురో, బదిలీ వస్తే ఏమి చేయుదురో, ఆమె జీతము ఎవరి చేతిలో ఉండునో అడుగవలెను. కట్నకానుకల మాటలకంటె ఈ మాటలు ఆ ఇంటిని ఎక్కువ కాలము నిలుపును.

రెండు: ప్రేమవిందులో, క్రిస్మసు విందులో, కోతపండుగలో వంటకు, వడ్డనకు, గిన్నెలకు స్త్రీపురుషుల పేర్లతో వంతుల పట్టీ వ్రాసి గుడి గోడకు అంటించవలెను. స్త్రీల కూడిక జరిగే గంటన్నర సేపు పిల్లలను తండ్రులు చూసుకొనవలెను. గుడిలో చూచినదానిని పిల్లవాడు ఇంటిలో నేర్చుకొనును.

మూడు: సంఘ కమిటీ కూడికలను పనిచేసే స్త్రీలు రాగలిగిన వేళకు పెట్టవలెను. పగలు పదకొండు గంటలకు కూడిక పెట్టి, స్త్రీలు రాలేదని మినిట్సులో వ్రాయుట సరి కాదు.

నాలుగు: అమ్మగార్ల సంగతి. మన అమ్మగార్లలో బడులలో, ఆసుపత్రులలో పనిచేసేవారు ఉన్నారు. జీతము లేని పరిచర్య అంతయు వారినుండి ఆశించి, అయ్యగారి బదిలీ వేళ వారి ఉద్యోగమును ఎవరును తలచకపోవుట తగదు. బదిలీలు నిర్ణయించువారు ఆ ఇంటిలోని రెండు ఉద్యోగములను చూడవలెను.

ఈ నాలుగింటిలో ఖర్చు అయ్యేది ఒక్కటియు లేదు. ఇవి చేసినంత మాత్రాన అన్ని ఇండ్లు చక్కబడునని మేము చెప్పలేము. అయినను ఈ సాయంత్రము ఇంటికి పోయిన తరువాత ప్రతి దంపతులును పది నిమిషములు కూర్చొని, ఒక కాగితము మీద తమ ఇంటి పనులన్నిటిని వ్రాసి, ఒక్కొక్క పని ఎదుట ఎవరు చేస్తున్నారో పేరు వ్రాయవలెనని కోరుతున్నాము. ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చినదో లెక్కపెట్టండి. ఆ కాగితము మీద మొదటి మార్పు ఏ పని దగ్గర చేయవలెనో మీ ఇద్దరికే తెలియును. దానిని ఈ వారములోనే చేయండి.